పెద్దబాపు వీపు మీది పుట్టకొక్కులు

మా పెద్దబాపు గిద్యోను మొయినాబాద్ చౌరస్తా నుంచి మా దిక్కు హిమాయత్‌నగర్ ఊరి దాక షేర్ ఆటో నడుపుతడు. లోకం లెక్కల ఇదే ఆయన పని. ఆయన లెక్కల కాదు. కలలకు అర్థం చెప్పుడే తన అసలు పని అనీ, ఆటో మధ్యల దేవుడు తగిలిచ్చిన బరువు అనీ ఆయన నమ్మకం. అర్థం కోసం ఆలోచన చేసేటప్పుడు ఆటో రెండో గేరు దాటది. ఎనక కూసున్నోళ్ళు "అన్నా, జల్ది, డ్యూటీ ఉన్నది" అని మొత్తుకుంటరు. ఆయన ఎడమ చెయ్యి పైకి లేపుతడు, నోరు ముయ్యుమన్నట్టు. అందరు మూస్తరు. అదే నాకు కాలేది.

నేను డిగ్రీ మధ్యల ఇడిసిపెట్టి చందనవెల్లిల ఒక గోదాంల డబ్బాలకు టేపు ఏస్తున్న. కంపెనీ బస్సు మొయినాబాద్‌ల ఎక్కాలె. అక్కడి దాక పెద్దబాపు ఆటోనే దిక్కు. పక్కింటోన్ని, పైగా తమ్ముని కొడుకుని కాబట్టి డ్రైవర్ పక్కన సగం పిర్ర మీద కూసునే హక్కు నాది. ఆ సగం సీటు మీదికెళ్ళి నేను ఇన్న కలలు లోకంల ఎవ్వడు ఇని ఉండడు.

ఈ పిచ్చి కొమురయ్య బర్రెతోటి మొదలైంది. కొమురయ్య మా ఊరోడే. ఆయన బర్రె తప్పిపోయింది. అది నీళ్ళల్ల నిలబడ్డట్టు కల వచ్చిందని ఆటోల చెప్పి ఏడ్చిండు. మా పెద్దబాపు బ్రేకు తొక్కుకుంట, "నీళ్ళ దిక్కే దొరుకుతది, ఫికర్ చెయ్యకు" అన్నడు. మర్నాడు చెర్వు కాడ దొరికింది. ఎండకాలం బర్రె నీళ్ళ కాడికి రాక సినిమాకు పోతదా? కానీ కొమురయ్య ఊరంత తిరిగి చెప్పిండు. అప్పటిసంది ఫాంహౌజ్ వాచ్‌మన్లు, నర్సరీల కూలికి పోయే ఆడోళ్ళు, చర్చి మనుషులు, బతుకమ్మ ఆడేటోళ్ళు, అందరు ఆయన ఆటో కోసం ఎదురుచూసి ఎక్కుడు షురువైంది. పైసా తీసుకోడు, నిజమే. దానికి బదులు మర్యాద గుంజుకుంటడు. ఎవ్వరన్న "అన్నా, రాత్రి ఒక కల..." అంటె చాలు, ఆయన మెడ పొడుగైతది.

మొదట్ల అర్థాలు సొంతంగ అల్లేటోడు. కొత్త ఫోన్ కొన్నంక ఇగ ఆగలేదు. ఏ దేశంల ఏ కలకు ఏమంటరో చెప్పే వీడియోలు పొద్దు మాపు చూస్తడు. మెదక్ చర్చి దాటి పోని మనిషి, "మెక్సికోల గిట్ల అనుకోరు" అని దిద్దుతడు. మెక్సికో ఏ దిక్కున్నదో అడిగితె ఆకాశం దిక్కు చూపిస్తడు.

తమాష ఏందంటె, ఆయనకు కలలు రావు. మంచం మీద పడితె పొద్దుగాల దాక గురక. ఊరందరి కలలు ఇప్పేటోనికి సొంత కల ఒక్కటి లేదు. ఈ సంగతి ఇంట్ల వాళ్ళకే ఎరుక. దానితోనే మా పెద్దమ్మకు పానం మీదికొచ్చింది.

పెద్దమ్మ పేరు కరుణమ్మ. గులాబి పూలు పెంచే పాలీహౌజ్‌ల పూలు కోసే పని. యాసంగి నాట్ల నుంచి, అంటె చలికాలం నుంచి, ఆమెకు నెత్తురు పోవుడు ఆగుతలేదు. బట్టలు పిండే కాడ కండ్లు తిరిగి కూలబడింది. మొహం పిండి లెక్క తెల్లబడ్డది. ఆశా వర్కర్ అశ్విని రెండు మూడు సార్లు ఇంటికొచ్చి, "పెద్దమ్మా, ఇది ముదిరే సంగతి, స్కాన్ తీపిచ్చాలె, ఆపరేషన్ కూడ పడొచ్చు, మీ ఆయనను తీస్కొని రా" అని చెప్పి పోయింది. పెద్దబాపు ఏమన్నడు? "ప్రార్థన చేస్తున్న. దేవుడు కలల చెప్తడు. ఆయన చెప్పకుంట కత్తి కిందికి పోవద్దు."

దేవుడు చెప్పలేదు. ఎట్ల చెప్తడు, ఆ గురకల?

"నడువు పెద్దమ్మ, నేను తోల్కపోత" అన్న.

"నువ్వు తోల్కపోతవు బిడ్డా. రేపు ఆపరేషన్ అంటె సంతకం ఆయనే పెట్టాలంటరు. నీ మీద కోపంతోనన్న పెట్టడు. నీకు ఎరుకలేదా ఆయన సంగతి? పోదామనే మాట ఆయన నోట్లకెళ్ళే రావాలె."

షాబాద్‌కు ఇచ్చిన బిడ్డ దీవెన ఫోన్ల మొత్తుకున్నది. ఆమెకు కూడ ఇదే జవాబు. దేవుడు కలల చెప్తడు.

వానలు పడ్డయి. ఉరుములు ఉరిమిన మర్నాడు పొలాల గట్ల మీద పుట్టగొడుగులు లేస్తయి, మా దిక్కు పుట్టకొక్కులు అంటరు. చేవెళ్ళ రోడ్డు పక్కన మోదుగాకుల మీద కుప్పలు పోసి అమ్ముతరు, పట్నం కార్లు ఆపి కొంటరు. మా అవ్వల కాలంల అవి కనబడితె వేలు పెట్టి చూపియ్యకపోయేది, కరిగిపోతయని భయం. పిడికిలి ముడిచి చూపిచ్చేది. ఇంత మర్యాద ఇంట్ల ఆడమనిషి నొప్పికి ఎవ్వడు ఇయ్యలేదు.

అసొంటి ఒక పొద్దుగాల పెద్దబాపు ఆటో అద్దం తుడుస్తున్నడు. నేను బ్రష్ నోట్ల పెట్టుకొని అరుగు మీద ఉన్న. పెద్దమ్మ చాయ గిలాస తెచ్చి ఆటో సీటు మీద పెట్టి, వానొచ్చేటట్టున్నదని చెప్పినంత మామూలుగ చెప్పింది.

"దీవెన బాపూ, రాత్రి నాకు కలొచ్చింది."

చేతిల బట్ట కింద పడ్డది. ముప్పై ఏండ్ల కాపురంల ఆమె మాటకు ఆయన చేతిల వస్తువు కింద పడుడు నేను అదే మొదటిసారి చూసుడు.

"ఏం కల?"

"నేను పండే మంచం లేదా, దాని కాలికి, కోడుకు పుట్టకొక్కులు మొలిసినయ్. పీకితె మళ్ళ మొలుస్తున్నయ్."

పెద్దబాపు కండ్లు మూసుకొని నిలబడ్డడు. చాయ సల్లారింది. నేను పెద్దమ్మ దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడకుంట లోపటికి పోయింది.

సాయంత్రం నల్ల కాడ బిందె ఎత్తిస్తుంటె అడిగిన. "నిజంగనే వచ్చిందా పెద్దమ్మా?"

"నాకు నిద్రే వస్తలేదు, కల యాడికెళ్ళొస్తది?" అన్నది. "నొప్పి అంటె ఆయనకు చెవులు పని చెయ్యవు. కల అంటె చేస్తయి. అందుకే కల చెప్పిన."

"పుట్టకొక్కులే ఎందుకు?"

"కొక్కు యాడ మొలుస్తది బిడ్డా? కుళ్ళిన కట్టె మీద. నా మంచం కోడుకు మొలిసింది అంటె లోపట ఏదో పాడైంది అని చిన్న పోరనికి కూడ సమజైతది. గంత తేల్క చేసి చెప్పిన."

చిన్న పోరనికి అయితది. మా పెద్దబాపుకు కాలేదు.

మర్నాడు ఆటోల ఆయన భార్య కల గురించి సభ పెట్టిండు. చౌరస్తా దాక బహిరంగ చర్చ. నర్సరీల పనికి పోయే సక్కుబాయి ఎనక సీటుకెళ్ళి, "పుట్టల మొలిసేది పుట్టకొక్కు. పుట్ట నాగులమ్మది. కడుపు పండుతది, రాసిపెట్టుకో గిద్యోనన్నా" అన్నది.

"సక్కుబాయక్కా, మా పెద్దమ్మ మనుమరాలే బడికి పోతున్నది" అన్న నేను.

"ఆ నాగులమ్మ తల్లి చల్లగ చూస్తె ఎప్పుడన్న పండుతది."

ఆటో ఊగేటట్టు నవ్విండ్రు. మా పెద్దమ్మ పాలీహౌజ్‌ల కింద కూసోని పూలు కోస్తున్నది ఆ టైముకు, నిలబడితె కండ్లు తిరుగుతున్నయని.

పెద్దబాపు ఒక చేత్తోని హ్యాండిల్ పట్టుకొని ఒక చేత్తోని ఫోన్ తీసిండు. "చైనాల పుట్టకొక్కు అంటె నిండు నూరేండ్ల ఆయుష్షు. వాళ్ళ రాజులు దాన్ని కొలిచేటోళ్ళట. అది మంచం కోడుకు మొలిసింది అంటె ఏంది? మంచాన పడకుంట నూరేండ్లు బతుకుతది!" అని హారన్ కొట్టిండు. తన అర్థానికి తనే కొట్టుకున్న చప్పట్లు అవి.

ఆదివారం పాస్టర్ సుకుమార్ అయ్యగారికి కూడ చెప్పిండు. అయ్యగారు మెల్లగ మాట్లాడే మనిషి. "అరణ్యంల దేవుడు తిననీకి కురిపిచ్చిన, నేల మీద తెల్లగ కనబడ్డ మన్నా లెక్క అనుకోవచ్చు, కాకపోవచ్చు. అది తర్వాత. చెల్లె మొహం బాగలేదు గిద్యోనూ, ముందు దవాఖానకు తీస్కపో" అన్నడు. నేను పక్కనే ఉండి ఇన్న. ఇంటికొచ్చినంక పెద్దబాపు పెద్దమ్మకు ఏం చెప్పిండు? "అయ్యగారు మన్నా అన్నడు!" అని. మిగిలిన మాట చర్చి గేటు కాన్నే రాలిపోయింది.

పెద్దమ్మ ఊకోలేదు. వారం తిరగకముందే ఇంకో కల తెచ్చింది. ఈసారి కొక్కులు మంచానికి కాదు, ఆమె కడుపు మీదనే మొలిసినయ్. తెల్లవి కాదు, నల్లవి. వాసనొస్తున్నయ్. ఇంత విప్పి చెప్పినంక రాయికి కూడ చెమట పడుతది. నేను బస్సు తప్పిపోయినా సరె అని నిలబడి చూసిన.

ఆయన ఫోన్ల ఎతికిండు. పెదవులు కదిలినయ్. మొహం వెలిగింది.

"మెక్సికోల కొండ జాతోళ్ళకు పుట్టకొక్కు అంటె దేవుని మాంసం. అవి మనుషులతోని మాట్లాడుతయని నమ్ముతరు. కరుణమ్మా, నీ కడుపుల దేవుని మాట ఉన్నది!"

నేను ఆ ఫోన్ల తల పెట్టి చూసిన. "పెద్దబాపూ, దాని కింద రష్యా సంగతి కూడ ఉన్నది గదా. కొక్కులు మస్తుగ లేస్తె యుద్ధం వస్తదని వాళ్ళ పాతకాలపోళ్ళు భయపడెటోళ్ళట. చదువు అది."

"అది మన దేశం కాదు."

"చైనా మన దేశమా?"

"నీకు భక్తి లేదు."

"యూరప్ దిక్కు కొక్కులు గుండ్రంగ లేస్తె అండ్ల కాలు పెట్టకపోయేదట, దయ్యాలు ఆడుకునే జాగ అని. ఇంగ్లీషోళ్ళేమో కలల కొక్కు కనబడితె చెడ్డ ఆశ అన్నరు, తొందరపడి సంపాయించుకునే బుద్ధి అన్నరు. ఇయ్యన్ని ఎందుకు దాటుకుంట పోతున్నవ్?"

"చదువు మధ్యల ఇడిసిపెట్టినోడు నాకు చదువు చెప్తున్నడు సూడు" అన్నడు పెద్దమ్మతోని. ఆమె గోడకు ఆనుకొని నిలబడ్డది. నిలబడ్డది అనుడు కూడ తప్పే, గోడ ఆమెను నిలబెట్టింది.

నాకు ఆ రోజు సమజైంది ఒక్కటే. ఇన్ని దేశాలు, ఇన్ని అర్థాలు. అందరు కొక్కునే చూసిండ్రు, దాని తెలుపు, దాని గొడుగు, దాని మాయ. అది ఎవరి మీద మొలిసింది అని అడిగినోడు ఒక్కడు లేడు. మొలిసింది ఆడదాని కడుపు మీద అయితె దేశదేశాల శుభమే దొరుకుతది మా పెద్దబాపుకు. రైతుబజార్ల టమాటలు ఏరుకున్నట్టు ఏరుకుంటడు, మెత్తటివి పక్కకు నూకి.

"ఇగ చాలు పెద్దమ్మా. అశ్వినక్కను పిలుస్త, మనం పోదాం. సంతకం సంగతి తర్వాత చూద్దాం" అన్న ఆ సాయంత్రం.

ఆమె చాట ముందట పెట్టుకొని బియ్యంల రాళ్ళు ఏరుతున్నది. చెయ్యి ఆపింది. "నేను తప్పు చేసిన బిడ్డా" అన్నది. "కల మంచిగనే ఉన్నది. మనిషిని తప్పుగ పెట్టిన."

మర్నాడు పొద్దుగాల ఆయన తానం చేసి, తల దువ్వుకుంట, అంగీ గుండీలు పెట్టుకుంటున్నడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వాకిట్ల కూసున్నది.

"ఏందే? మళ్ళ వచ్చిందా?" అన్నడు సంబురంగ.

"వచ్చింది. చెప్పబుద్ధి అయితలేదు."

"చెప్పాలె. దాచొద్దు."

"ఈసారి నా మీద కాదు. నీ వీపు మీద."

దువ్వెన ఆగింది.

"నీ వీపు మీద, రెక్కల నడుమ, నల్లటి కొక్కులు మొలిసినయ్ దీవెన బాపూ. నువ్వు గోక్కుంటున్నవ్. గోక్కుంటె ఊడి పడుతున్నయ్, పడ్డకాడ మళ్ళ లేస్తున్నయ్. నన్ను పిలుస్తున్నవ్, గొంతు వస్తలేదు నీకు."

పెద్దబాపు చెయ్యి ఆయనకు తెలువకుంటనే వీపు దిక్కు పోయింది.

"నల్లయా?"

"నల్లయే."

"మంచిగ చూసినవా? తెల్లయేమో?"

"బొగ్గు లెక్కున్నయ్."

ఆయన అంగీ ఇప్పిండు. గుండీ ఒకటి తెగి దొర్లిపోయింది. "అరె, ఇటు రా, చూడు, చూడురా జర!" అని నన్ను పిలిచి వీపు చూపిచ్చిండు. చెమటకాయలు ఉన్నయ్. ఆటో సీటు రెగ్జిన్‌కు, వానకాలం ఉక్కకు వచ్చిన మామూలు చెమటకాయలు.

"ఏమన్న ఉన్నదా?"

"ఎర్రగ ఉన్నది" అన్న.

"ఎర్రగ అంటె?"

"ఎర్రగ అంటె ఎర్రగ. అయినా భయమేంది పెద్దబాపూ, నూరేండ్లు గదా. చైనా రాజులు..."

"చైనా సంగతి వేరే, అది మంచానికి!"

"మెక్సికో? దేవుని మాంసం?"

"నోరు మూస్తవా లేదా?" ఫోన్ తీసిండు. గబగబ వేలు జరుపుతున్నడు. ఏరి పక్కకు నూకిన అర్థాలన్ని ఇప్పుడు ఒక్కొక్కటే పైకి వస్తున్నయి. రష్యా యుద్ధం వచ్చింది. ఇంగ్లీషోళ్ళ చెడ్డ ఆశ వచ్చింది. యూరప్ దయ్యాలు వచ్చినయి. మొన్నటి దాక మన దేశాలు కానివన్ని ఇయ్యాల మన దేశాలే అయినయి. ఫోన్ జేబుల పెట్టి, "దవాఖానకు పోదాం" అన్నడు.

ప్రార్థన లేదు. ఎదురుచూసుడు లేదు. దేవుని అనుమతి లేదు. యాసంగి నుంచి ఆమెకు రాని మాట, ఆయన వీపుకు చెమటకాయ ఆరేలోపట వచ్చింది.

ఆటో స్టార్ట్ చేసే వరకు పెద్దమ్మ ఎనక సీటుల కూసొని ఉన్నది. ఒళ్ళె సంచి. సంచిల చీర, తువ్వాల, ఆధార్ కార్డు. ఎన్ని రోజుల నుంచి సదిరి పెట్టుకున్నదో.

"నువ్వెందుకు?" అన్నడు.

"నీకు తోడు వద్దా?"

వద్దనలేదు. ధైర్యం చాలదు. నేను ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టి ఎక్కిన. మొయినాబాద్ చౌరస్తాల సక్కుబాయి చెయ్యి అడ్డం పెట్టింది, ఆయన ఆపలేదు. మూడో గేరు, నాలుగో గేరు. ఆ ఆటోకు నాలుగో గేరు ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

చేవెళ్ళ సర్కారు దవాఖానల డాక్టర్ ఝాన్సీ కూసున్నది. మా వంతు వచ్చింది. పెద్దబాపు స్టూల్ మీద కూసొని అంగీ ఎత్తి, "మేడం, నల్ల పుట్టకొక్కులు" అన్నడు.

"ఏంటి?"

"కలల మేడం. వీపు మీద. గోక్కుంటె మళ్ళ మొలుస్తున్నయి."

డాక్టరమ్మ నా దిక్కు చూసింది, వీనికి ఎప్పటిసంది గిట్లున్నది అన్నట్టు. నేను ఏదన్న చెప్పేలోపట ఎనక నిలబడ్డ పెద్దమ్మ ముందటికొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టింది.

"డాక్టరమ్మా, ఆయనయి చెమటకాయలు. పౌడర్ రాసియ్యి. యాసంగి నుంచి నెత్తురు పోతున్నది నాకు. నన్ను చూడు."

పెద్దబాపు అంగీ ఇంక ఎత్తి పట్టుకునే ఉన్నడు.

రక్తం పరీక్ష చేసిండ్రు, స్కాన్ తీసిండ్రు. గర్భసంచిల పెద్ద గడ్డ. ఒంట్ల రక్తం సగానికి పడిపోయింది. ముందు రక్తం ఎక్కియ్యాలె, అటెనుక ఆపరేషన్. డాక్టరమ్మ పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చి, పెద్దబాపు దిక్కు తిరిగింది.

"ఇన్ని రోజులు ఏం చేస్తున్నవయ్యా?"

"ప్రార్థన..." అన్నడు.

"చెయ్యి, ఎవరు వద్దన్నరు? ఆటోల కూసోబెట్టుకొని తీస్కొస్తు కూడ చెయ్యొచ్చు గదా. నీదే ఆటో అంటున్నవ్."

ఆయన అంగీ దించుకున్నడు. సంతకం పెట్టాల్సిన కాడల్ల పెట్టిండు, పట్నంల కూడ. తలకాయ ఎత్తకుంట పెట్టిండు. ఆ వంగిన తలకాయను చూసి నాకు జాలి వస్తదేమో అనుకున్న. రాలేదు.

ఆపరేషన్ మంచిగ అయ్యింది. గడ్డ చెడ్డది కాదన్నరు, ఇంక ఆలస్యమైతె మనిషి నెత్తురు లేకనే పోయేదన్నరు. పెద్దమ్మ పట్నంల మంచం మీదున్న ఆదివారం పెద్దబాపు చర్చిల సాక్ష్యం చెప్పనీకి లేసిండు. తెల్లంగి ఏసుకున్నడు. మైకు పట్టుకున్నడు. నేను ఎనక చాప మీద ఉన్న.

"ప్రభువు నా భార్యకు పుట్టకొక్కుల దర్శనం ఇచ్చిండు. దాని మర్మం దేశదేశాలు వెతికినా ఎవ్వరికి దొరకలేదు. నాకు దొరికింది. వెంటనే దవాఖానకు తోల్కపోయిన!"

హల్లెలూయా అన్నరు. వెంటనే! ఆ మాట ఆయన నోట్లకెళ్ళి ఎంత సాఫ్‌గ వచ్చిందంటె, చెప్తూ చెప్తూ ఆయన దాన్ని నమ్మిండు కూడ. అయ్యగారు ఒక్కడే తల దించుకొని గడ్డం గీరుకున్నడు. మర్నాటికి ఆటో ముందట మళ్ళ గుంపు. సక్కుబాయి అయితె, "నేను అప్పుడే చెప్పలేదా, కడుపు సంగతి అని?" అని తన వాటా తను తీసుకున్నది.

పట్నం పోయి ఇదంత పెద్దమ్మకు చెప్పిన. కుట్లు పట్టుకొని నవ్వింది. "నవ్వియ్యకురా, గుంజుతున్నది" అన్నది.

"లేసి నిజం చెప్పేసేది ఉండె నేను."

"చెప్తె ఏమైతది? ఆయనకు కలల మీద నమ్మకం పోతది. పోతె, రేపు ఏదన్న పని పడితె నేనేం చెయ్యాలె?"

నేను తెచ్చిన బత్తాయి ఒలిచి ఆమె చేతిల పెట్టిన.

ఇంటికి తెచ్చినం. బరువు ఎత్తొద్దు, పొయ్యి కాడ నిలబడొద్దు అని చెప్పి పంపిండ్రు. దీవెన వచ్చి కొన్ని రోజులుండి, పిల్లల బడి ఉన్నదని షాబాద్ పోయింది. ఆమె పోయిన మర్నాడు పొద్దుగాల పెద్దబాపు అలవాటు ప్రకారం మంచం కాడికి వచ్చిండు. తల దువ్వుకున్నడు, అంగీ ఇస్త్రీది. వీపుకు పౌడర్ రాసుకున్నడు, మెడ ఎనక తెల్లగ కనబడుతున్నది.

"ఇయ్యాల ఏమన్న కలొచ్చిందా?"

పెద్దమ్మ దిండుకు ఆనుకొని లేసి కూసున్నది. నేను గడప కాడ చెప్పులు తొడుక్కుంటున్నోన్ని ఆగిన.

"వచ్చింది. నువ్వు అన్నం వండుతున్నవ్. పప్పు కూడ ఏసినవ్. గిన్నెలు నువ్వే తోమినవ్."

పెద్దబాపు జేబులకెళ్ళి ఫోన్ తీసిండు. "మగమనిషి వంట చేసినట్టు వస్తె... ఆగు, చైనాల ఏమంటరో చూస్త."

"చూడకు" అన్నది పెద్దమ్మ. "దీనికి ఏ దేశంల అర్థం లేదు. బియ్యం కడుగు."

ఆయన ఫోన్ చూసిండు, ఆమెను చూసిండు. చెయ్యి మెల్లగ వీపు దిక్కు పోయి, గోక్కోకుంటనే ఎనకకు వచ్చింది. ఫోన్ జేబుల పెట్టుకొని, ఇస్త్రీ అంగీ చేతులు పైకి మడిచి, బియ్యం డబ్బ యాడున్నదో ముప్పై ఏండ్లకు మొదటిసారి అడిగిండు.